నిప్పుకి భయం, నీళ్లకి నమ్మకం

రాయపూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో పుట్టి పెరిగి వెల్డింగ్ మెరుపు చూడనివాళ్లు ఉంటారంటే నేను నమ్మనండీ. వ్యాగన్ రిపేర్ షాపు పేరే కాలనీ పేరైంది. గూడ్సు పెట్టెలు ఓవర్‌హాలింగుకి రావడం, తుప్పు పట్టిన రేకులు కోసి కొత్తవి అతకడం, వాటి చుట్టూనే ఇక్కడి సంసారాలు. రాయపూర్ నుంచి విజయనగరం వరకు రైలు మార్గం 1930ల మొదట్లో పూర్తయ్యాక మనవాళ్లకి ఈ దారి దగ్గరైంది. పార్వతీపురం, బొబ్బిలి, పాలకొండ వైపు నుంచి రైల్వే పనికని వచ్చిన కుటుంబాలు ఇక్కడే పాతుకుపోయి, పిల్లలకి హిందీ ముందు, తెలుగు తర్వాత వచ్చే స్థితికి చేరాయి. అయినా మా పక్క క్వార్టరు పెద్దాయన నోరు తెరిస్తే మాత్రం అచ్చంగా శ్రీకాకుళమే.

ఆయన వెల్డింగులోనే జీవితం గడిపి రిటైరయ్యాడు. మనవరాలు కాలేజీలో చేరగానే కళ్లద్దాలు పక్కన పెట్టి కాంటాక్ట్ లెన్సులు పెట్టించుకుంది. ఆయన వాటిని బిళ్లలంటాడు. ఎదురుగా ఎవరో గేటుకి వెల్డింగ్ చేయిస్తుంటే ఆ పిల్ల అటుగా వెళ్లబోయింది. ఈయన అరుగు మీంచి కేకేశాడు: "ఓలే గుంటా, ఆ నిప్పుల కాడికి ఎల్లకు! కంట్లో బిళ్లలు కరిగి కనుగుడ్డుకి అతుక్కుపోతాయి. తీస్తే గుడ్డు కూడా ఊడొచ్చేస్తాది!" "తాతా, నీకెవరు చెప్పారు?" అంటే, "షాపులో అందరికీ తెలుసు" అన్నాడు.

అందరికీ తెలిసిన ఈ మాట కాలనీలో పుట్టింది కాదండోయ్. ప్రపంచమంతా తిరిగొచ్చిన పుకారు ఇది. 1967లో అమెరికాలో, బాల్టిమోర్ దగ్గరి ఉక్కు కంపెనీలో ఒక కార్మికుడి ముందు కరెంటు స్విచ్చి పేలింది. ఆయన కంట్లో లెన్సులున్నాయి. తర్వాత కళ్లు మండి, కంటి పైపొర దెబ్బతిన్నట్టు తేలింది. ఇంకేముంది, మెరుపుకి లెన్సు కరిగి అతుక్కుందన్నారు. డాక్టర్లు పరీక్షిస్తే ఆ దెబ్బకి కారణం మెరుపు కాదు, గంటల తరబడి లెన్సులు తియ్యకుండా ఉంచుకోవడం. కన్ను నయమైంది కూడా. కథ మాత్రం నయం కాలేదు. 1980లలో ఫ్యాక్టరీల భద్రతా నోటీసుల్లోకి ఎక్కి, ఒక చోట ఒకడు గుడ్డివాడయ్యాడని, మరోచోట మరొకడని పెరుగుతూ పోయింది.

కొంచెం ఆలోచిస్తే చాలు. లెన్సు కన్నీటి పొర మీద తేలుతూ ఉంటుంది. ఆ తడి మొత్తం ఇగిరిపోయేంత వేడి కంటికి తగిలితే, లెన్సు సంగతి తర్వాత, ముందు మొహం కాలిపోవాలి. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ అనే సంస్థ 2005లో రసాయనాల మధ్య పనిచేసేవాళ్ల గురించి చెబుతూ, పైన సరైన రక్షణ అద్దాలు పెట్టుకుంటే లెన్సులతో పని చేసుకోవచ్చు అనే అంది. పైన అద్దాలు అన్నది ముఖ్యం. లెన్సు ఉంది కదా, షీల్డు ఎందుకులే అనుకునే మొనగాళ్లూ ఉంటారు. వెల్డింగ్ వెలుగులోని అతినీలలోహిత కిరణాలు కంటిని కాలిస్తే అప్పటికప్పుడు తెలియదు. రాత్రి పడుకున్నాక కళ్లల్లో ఇసుక పోసినట్టు గరగర, ధారగా నీళ్లు. పెద్దాయనకి ఆ బాధ నాకంటే బాగా తెలుసు.

సరే, ఆయన భయాన్ని ఎగతాళి చేయడానికి ఈ కబురు మొదలుపెట్టలేదు. ఆ మర్నాడు పొద్దున్నే వాళ్లింటి కుళాయి దగ్గర చూసిన దృశ్యం నన్ను కూర్చోబెట్టింది. మనవరాలి లెన్సు చేజారి సింకులో పడింది. ఆ పిల్ల దాన్ని వేలితో తీసి, కుళాయి కింద పెట్టి శుభ్రంగా కడిగి, కంట్లో పెట్టేసుకుంది. పక్కనే పళ్లు తోముకుంటున్న పెద్దాయన, "బాగా కడిగీసినావా?" అని అడిగి మరీ తృప్తి పడ్డాడు!

నిప్పు దగ్గర అంత కేకలు వేసిన మనిషి నీళ్ల దగ్గర నిశ్చింతగా ఉన్నాడు. ఆయనొక్కడే కాదు, మనమంతా అంతే. మన ఇళ్లల్లో నీళ్లు తగిలితే మైల పోయినట్టే. కాళ్లు కడుక్కుని లోపలికి రా, పండు కడుక్కుని తిను, కిందపడిన చెంచా కడిగి వాడుకో. పుట్టినప్పటి నుంచి ఇదే పాఠం. ఈ పాఠానికి లొంగని వస్తువు మన పూర్వులకి ఎదురుపడలేదు మరి! కాంటాక్ట్ లెన్సుకి నీళ్లు అసలు పనికిరావు. కుళాయి నీళ్లు, ఫిల్టరు నీళ్లు, కాచి చల్లార్చినవి, సీసాలో కొన్నవి, గంగాజలం, ఏవీ కుదరవు.

ఎందుకో చెప్పాలంటే కొంచెం ప్రేగ్ దాకా వెళ్లాలి. మెత్తటి లెన్సు తయారుచేసింది ఓటో విక్టర్లే అనే చెక్ రసాయన శాస్త్రవేత్త. ప్రయోగశాలలో ఆయన పనిని పైవాళ్లు ముందుకు సాగనివ్వలేదు. 1961 క్రిస్మస్ సెలవుల్లో ఆయన వంటింటి బల్ల మీద పిల్లలు ఆడుకునే మెర్కుర్ అనే ఇనప ముక్కల సెట్టుతో ఒక యంత్రం బిగించాడు. దాన్ని తిప్పడానికి సైకిలు డైనమో. గుండ్రంగా తిరిగే చిన్న అచ్చుల్లో ద్రవం పోస్తే, ఆ తిరుగుడుకి అది అంచులకి పాకి లెన్సు ఆకారంలో గట్టిపడింది. భార్య కూడా సాయం పట్టింది. మన వంటింట్లో ఇలాంటి పని మొదలెడితే ఏం జరిగేదో ఊహించుకోండి! అంతకుముందు 1880ల చివర్లో ఆడాల్ఫ్ ఫిక్ అనే జర్మన్ డాక్టరు జూరిక్‌లో గాజుతో చేసిన లెన్సులుండేవి. రెండు గంటలు పెట్టుకోవడమే గగనం. విక్టర్లే పదార్థం నీళ్లు పీల్చుకుని మెత్తబడుతుంది. ఆ మొదటి రకంలో బరువులో 38 శాతం దాకా నీరే. అందుకే అంత సుఖం. చిక్కు కూడా అక్కడే.

నీళ్లు పీల్చుకునే గుణం ఉన్నదానికి ఏ నీళ్లు అనే విచక్షణ ఉండదు. కన్నీట్లో ఉప్పు ఉంటుంది, కుళాయి నీళ్లలో అంత ఉండదు. అందువల్ల కుళాయి నీళ్లు తగిలిన లెన్సు ఉబ్బి, ఆకారం మారి, నల్లగుడ్డుని గట్టిగా పట్టుకుంటుంది. పెద్దాయన భయపడిన అతుక్కోవడం నిజంగా జరిగితే గిరిగితే ఇక్కడే జరుగుతుందన్నమాట! అప్పుడు పైపొర గీసుకుపోతుంది. ఆ గీతలోంచి దూరడానికి ఒకడు నీళ్లలో కాచుకుని ఉంటాడు. వాడి పేరు అకాంతమీబా.

ఒకే కణం ఉన్న జీవి. చెరువులో, మట్టిలో, ఓవర్‌హెడ్ ట్యాంకు అడుగున, కూలరు నీళ్లలో, ఎక్కడైనా బతుకుతుంది. పరిస్థితి బాగాలేకపోతే చుట్టూ గట్టి పెంకు కట్టుకుని ముడుచుకుంటుంది. అప్పుడు కుళాయి నీళ్లలో కలిపే క్లోరిన్ దాన్ని ఏమీ చేయలేదు. మా ఊరికి వచ్చే ఖారూన్ నది నీళ్లు ఎంత శుద్ధి చేసి పంపినా సరే, క్వార్టర్ల మీద ట్యాంకు ఎప్పుడు కడిగారో చెప్పగలిగినవాళ్లు చెయ్యెత్తండి చూద్దాం. తాగితే ఈ జీవి మనల్ని ఏమీ చేయదు, అందుకే మనకి దాని ఊసే తెలియదు. నల్లగుడ్డులోకి దూరితే మాత్రం కంటికి కనిపించే ఎరుపుకి మించిన నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, నెలల తరబడి చుక్కల మందు. ముదిరితే కంట్లో పువ్వు మిగులుతుంది, నల్లగుడ్డు మార్పిడి దాకా పోతుంది.

ఇక్కడ మన హైదరాబాదు సంగతి ఒకటి చెప్పాలి. సినిమా నిర్మాత ఎల్.వి.ప్రసాద్ స్థలమూ, కోటి రూపాయలూ ఇస్తే డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో మొదలుపెట్టిన కంటి ఆసుపత్రి ఉంది కదా, అక్కడి సూక్ష్మజీవుల నిపుణురాలు డాక్టర్ సావిత్రి శర్మ, తోటి డాక్టర్లతో కలిసి ఈ అకాంతమీబా రోగుల వివరాలు రాసి 2000లో ఒక బ్రిటిష్ నేత్రవైద్య పత్రికలో వేశారు. పాశ్చాత్య దేశాల్లో ఈ జబ్బు వచ్చేవాళ్లలో అత్యధికులు లెన్సులు పెట్టుకునేవాళ్లే. మన దగ్గర తలకిందులు. వీళ్ల రోగుల్లో ఎక్కువమంది జన్మలో లెన్సు చూడనివాళ్లు. కంట్లో మట్టి పడినవాళ్లు, మురికినీళ్లు తగిలినవాళ్లు. నాకు ఇది చదివాక లెన్సు మీద కోపం పోయింది. ఆ పురుగు లెన్సుతో పాటు రాలేదు, మన నీళ్లల్లో, మన మట్టిలో ముందే ఉంది. లెన్సు దాన్ని తీసుకెళ్లి నల్లగుడ్డు మీద గంటలకొద్దీ అదిమిపెట్టి ఉంచుతుంది, అంతే తేడా.

మరి చేతులు? చేతులు నీళ్లతోనే కడుక్కోవాలి, సబ్బుతో, సువాసన నూనెలు ఎక్కువ లేనిదానితో. కడిగి, పూర్తిగా ఆరేలా తుడుచుకోవాలి. తడి వేలితో లెన్సు ముట్టుకుంటే కుళాయి నీళ్లు వేసినట్టే కదా. తుడిచే గుడ్డ నూగు రాలేది కాకూడదు. కొత్త టర్కీ తువ్వాలు వద్దు, ఉతికి ఉతికి నలిగిన పాత నూలుగుడ్డే హాయి.

మా మేనకోడలు దసరాకి పార్వతీపురం నుంచి రాత్రి రైల్లో వచ్చింది. పిల్ల మొహం చూడగానే అడిగాను, "ఏమే, కళ్లు అలా ఉన్నాయేం?" అని. రాత్రి బెర్తు మీద లెన్సులతోనే నిద్రపోయిందట. పొద్దున్నే ఎండిపోయినట్టు పట్టేస్తే రైల్లో వాష్‌బేసిన్ దగ్గర కడిగి పెట్టుకుందట. "నీళ్లేగా అత్తా!" అంది. రెండు పాపాలు ఒకే ప్రయాణంలో! అప్పటికప్పుడు తీయించి డస్ట్‌బిన్‌లో వేయించాను. నెల లెన్సు, ఇంకా సగం నెల ఉందని గింజుకుంది. ఉండనీ.

నిద్ర సంగతి చెబుతా. నల్లగుడ్డుకి రక్తనాళాలు ఉండవు, ఉంటే మనకి వెలుతురు సరిగ్గా కనబడదు. అందుకని అది ప్రాణవాయువు నేరుగా గాలి నుంచే తీసుకుంటుంది. కన్ను మూస్తే గాలి లేదు, రెప్ప లోపలి రక్తనాళాల నుంచి అందేది మామూలులో మూడో వంతు. దానికి తోడు మధ్యలో లెన్సు అడ్డం. పైపొర ఊపిరాడక ఉబ్బి బలహీనపడుతుంది, సూక్ష్మజీవులకి తలుపు తీసినట్టవుతుంది. 1989లో అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో లెక్కలు తీశారు. పగలు పెట్టుకుని రాత్రి తీసేసే మెత్తటి లెన్సుల వాళ్లలో ఏడాదికి పదివేలమందిలో నలుగురికి నల్లగుడ్డు మీద పుండు పడితే, రాత్రిళ్లు కూడా ఉంచుకునే రకం వాడేవాళ్లలో ఆ సంఖ్య 21. తర్వాత గాలి బాగా ఆడే సిలికాన్ లెన్సులు వచ్చాయి, సుఖం పెరిగింది, నిద్రతో వచ్చే ప్రమాదం మాత్రం పోలేదు. మధ్యాహ్నం భోంచేసి తీసే కునుకు కూడా నిద్రే. బెర్తు ఎక్కేముందు తీసెయ్యాలి, రైల్లో చేతులు కడుక్కునే వీలు లేదనుకుంటే ఆ ప్రయాణానికి కళ్లద్దాలే పెట్టుకోవాలి.

లెన్సు కంటే దాన్ని నానబెట్టే డబ్బీ మీద నాకు ఎక్కువ అనుమానం. ఎవరి డబ్బీ అయినా అడిగి తీసుకుని మూత అడుగున వేలు పెట్టి చూడండి, జిగురుగా తగులుతుంది. అది సూక్ష్మజీవుల పొర. అకాంతమీబాకి అదే అన్నం. లెన్సు తీసి కంట్లో పెట్టుకున్నాక డబ్బీలో మిగిలిన మందునీళ్లు, అదే సొల్యూషన్, పారబోసి, కొత్త సొల్యూషన్‌తోనే లోపల వేలితో రుద్ది కడిగి, శుభ్రమైన టిష్యూతో తుడిచి, మూతలు తీసి బోర్లించి ఆరబెట్టాలి. బాత్‌రూములో కాదు, అక్కడ తడీ తుంపరా. మూడు నెలలకొకసారి డబ్బీ మార్చెయ్యాలి. పాత మందునీళ్ల మీదే కొంచెం కొత్తది పోసి సరిపెట్టే పొదుపరులున్నారు. వాళ్లకి దణ్ణం. సొల్యూషన్ ఒకసారి పనిచేశాక దాని బలం అయిపోయినట్టే. 2006లో సింగపూర్, హాంకాంగ్, అమెరికాల్లో లెన్సుల వాళ్ల కళ్లల్లో ఫ్యూజేరియం అనే బూజు పట్టి, బాష్ అండ్ లాంబ్ కంపెనీ ఒక రకం సొల్యూషన్‌ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. అంత పెద్ద కంపెనీ సరుకుకే అలా జరిగింది, మన సొంత ప్రయోగాలు ఎందుకు చెప్పండి!

ఇంకో గొడవ: "రుద్దక్కర్లేదు" అని సీసా మీద రాసినా రుద్దండి. అరచేతిలో లెన్సు పెట్టి, రెండు మూడు చుక్కలు వేసి, చూపుడు వేలి మెత్తతో మెల్లగా అటూ ఇటూ రుద్ది, మళ్లీ సొల్యూషన్‌తో కడిగి అప్పుడు డబ్బీలో వెయ్యాలి. ఎప్పుడూ కుడి కంటిదే ముందు. ఈ అలవాటు చేసుకుంటే ఎడమది కుడికి వెళ్లదు. పెట్టుకునేముందు వేలి కొసన నిలబెట్టి వెలుతురుకి అడ్డంగా చూడండి. అంచులు నిటారుగా గిన్నెలా లేస్తే సరైన వైపు, పళ్లెంలా బయటికి విచ్చుకుంటే తిరగబడినట్టు. ఎర్రమూత హైడ్రోజన్ పెరాక్సైడ్ సొల్యూషన్ వాడేవాళ్లు దాన్ని నేరుగా కంట్లో పోసుకోకూడదు. దాని డబ్బీలోనే కనీసం ఆరు గంటలు నానితేనే అది నీరూ, ప్రాణవాయువూగా విడిపోయి కంటికి పనికొస్తుంది. తొందరపడి తీస్తే పడే మంట జీవితాంతం గుర్తుంటుంది.

ఇక మన ఇళ్ల పద్ధతులకి వద్దాం. శనివారం తలంటి ఉంటే లెన్సులు తీశాకే. కుంకుడు పులుసు కంట్లో పడితేనే చుక్కలు కనిపిస్తాయి, లెన్సు కిందికి దూరితే కడుక్కున్నా పోదు. పచ్చిమిరపకాయలు తరిగిన చేత్తో లెన్సు తీయడం అనే సాహసం ఎవరూ చేయొద్దు. మిరప ఘాటు నీళ్లకి కరగదు. ముందు నూనె రాసుకుని, తర్వాత సబ్బు, అదీ ఒకటికి రెండుసార్లు. కాటుక పెట్టుకునేవాళ్లు లెన్సు పెట్టాకే కాటుక పెట్టాలి, రాత్రి లెన్సు తీశాకే మొహం కడగాలి. పెళ్లికూతుళ్లకి ఇప్పుడు నీలం కళ్లు, తేనె కళ్లు వచ్చాయి. పవరు లేదు కదా, ఇది ఉత్త అలంకారం అనుకుని ఆన్‌లైన్‌లో తెప్పించడం, తోడిపెళ్లికూతురు కూడా అదే జత పెట్టుకుని ఫొటో దిగడం! రంగు లెన్సూ లెన్సే. నల్లగుడ్డు వంపు ఒక్కొక్కరిది ఒక్కో తీరు, కొలిపించుకోకుండా పెట్టుకోకూడదు. పెళ్లిలో హోమం పొగ ఎలాగూ ఉంటుంది.

పొగ అంటే దసరా గుర్తొచ్చింది. మా డబ్ల్యూఆర్ఎస్ మైదానంలో దసరా అంటే రాయపూర్ సగం ఇక్కడే ఉంటుంది. వంద అడుగులకి పైగా రావణుడు, లోపల బాణాసంచా, కాలిన తర్వాత గాలికి తేలివచ్చే బూడిద. ఆ రోజు మా మేనకోడలు కళ్లద్దాలతోనే వచ్చింది. ఫొటోలు బాగా రావని మూతి ముడిచింది, తర్వాత బూడిద రాలుతుంటే ఏమీ అనలేదు. మామూలు రోజుల్లో కూడా ఉర్లా, సిల్తరాల వైపు స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీల నల్లధూళి మేడ మీద ఆరేసిన బట్టల మీద కనబడుతూనే ఉంటుంది. రోజూ స్కూటర్ మీద అటు పోయేవాళ్లు లెన్సుల మీద చలువ అద్దాలైనా పెట్టుకోవాలి. మే నెలలో కూలరుకి ఎదురుగా కూర్చుంటే ఆ గాలికి లెన్సు ఎండి గీరుకుంటుంది. లెన్సుల వాళ్ల కోసమే చేసిన తడి చుక్కలు దొరుకుతాయి, అవే వెయ్యండి. ఎరుపు తగ్గించే చుక్కలు ఎరుపుని దాస్తాయి, జబ్బుని కూడా దాస్తాయి.

ఎర్రబడటం, నొప్పి, వెలుతురు భరించలేకపోవడం, మసక, వీటిలో ఏది వచ్చినా మొదటి పని లెన్సు తీసెయ్యడం. రెండోది, దాన్ని మళ్లీ పెట్టి చూడకపోవడం. మూడోది మనవాళ్లకి కష్టం: ఏమీ వెయ్యకపోవడం. తల్లిపాలు, ఆముదం, తేనె, ఎదురింటావిడ వాడగా మిగిలిన చుక్కలు, మందుల షాపులో అడిగి తెచ్చినవి, ఏవీ వద్దు. ఆ షాపు చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే రెండు రోజులు కన్ను తేటపడినట్టే ఉంటుంది, లోపల పుండు మాత్రం పెరుగుతుంది. సూడోమోనాస్ అనే బాక్టీరియా అయితే ఒకటి రెండు రోజుల్లోనే నల్లగుడ్డుని కరిగించేయగలదు. రేపు చూద్దాంలే అనకండి. రైల్వే ఆసుపత్రో, టాటీబంద్‌లో ఎయిమ్సో, ఏది వీలైతే అది. ఊరికి వెళ్లిన సమయంలో అయితే విశాఖపట్నం హనుమంతవాకలో ఎల్.వి.ప్రసాద్ వారిదే శాఖ ఉంది. వెళ్లేటప్పుడు ఆ లెన్సునీ, డబ్బీనీ కడగకుండా అలాగే పట్టుకెళ్లండి. దాంట్లోంచే ఏ క్రిమో పట్టుకుంటారు.

నెల లెన్సు లెక్క కూడా చాలామందికి పేచీయే. నెల అంటే ముప్పైసార్లు పెట్టుకోవడం అని మా మేనకోడలి వాదన. ఆదివారాలు పెట్టుకోలేదు కాబట్టి అవి కలిపి ఇంకో నాలుగు రోజులు అంటుంది. కాదు. రేకు చింపిన రోజు నుంచి క్యాలెండరులో నెల. ఎప్పుడో పెళ్లిళ్లకీ పేరంటాలకీ మాత్రమే పెట్టుకునేవాళ్లకి, పొద్దున్న పెట్టి రాత్రి పారేసే ఒక్కరోజు లెన్సులే లాభం. వాటికి డబ్బీ లేదు, సొల్యూషన్ లేదు, కడగాలన్న బుద్ధే పుట్టదు.

పెద్దాయన నిన్న ఇంకో ప్రశ్న వేశాడు. "ఆ బిళ్ల జారి కంటి ఎనక్కి ఎల్లిపోతే? మెదడులోకి పోద్దా?" పోదండీ. రెప్ప లోపలి పొర మడత పడి కనుగుడ్డుకే కుట్టేసి ఉంటుంది, వెనక్కి దారి లేదు. పై రెప్ప కింద దాక్కుంటుంది, అంతే. సొల్యూషన్ కాదు, ఆ తడి చుక్కలే రెండు వేసి, కిందికి చూస్తూ కన్ను మూసి, రెప్ప మీంచి మెల్లగా కిందికి నిమిరితే నల్లగుడ్డు మీదికి వచ్చేస్తుంది. రాకపోతే గోళ్లు పెట్టి గీకకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అన్నట్టు, అప్పుడు పెట్టుకెళ్లడానికి ఇంట్లో సరైన పవరున్న కళ్లద్దాలు ఒక జత ఉన్నాయా? పాత నంబరువి కాదు, ఇప్పటివి.